ముబారకియాలో అమ్మ తాగిన టీ

మిష్రిఫ్‌లో మా పక్కింటివాళ్ళకు దివానియా ఉంది. సాయంత్రమైతే గుమ్మం ముందు చెప్పుల వరుస, లోపల మగవాళ్ళ మాటలు, టీ గ్లాసుల చప్పుడు. రాజంపేటలో మా ఇంటి ఎదురు టీ అంగడీ అంతే. నాయన రోజూ అక్కడే ఉండేవాడు. బీయస్సీ చదివిన నేను కూడా ఆ బెంచీ మీద ఒక్కసారీ కూర్చోలేదు. ఇక అమ్మ సంగతి చెప్పాలా!

ఇంగ్లండులో పల్లెటూరి పబ్బుకు ఇంటిల్లిపాదీ పోతారని మా చెల్లెలు చెప్తుంటుంది. కువైట్‌లో మద్యం నిషేధం కదా, ఇక్కడ ఆ పని టీ చేస్తుంది.

పోయిన చలికాలం అమ్మ వస్తే ముబారకియా సూక్‌కు తీసుకెళ్ళాం. 1896 నుంచి 1915 దాకా పాలించిన షేక్ ముబారక్ పేరు మీదున్న పాత బజారు అది. ఖర్జూరాలు కొన్నాక అమ్మ కాళ్ళు నొప్పులంది. ఎదురుగా పాత టీ అంగడి, బయట చెక్క బెంచీలు, దిష్‌దాషాల్లో పెద్దవాళ్ళు. అమ్మ కొంగు సర్దుకుంటూ చివర కూర్చుంది.

ఇస్తికానా అనే బుల్లి గాజు గ్లాసులో టీ వచ్చింది. "పాలు పొయ్యలేదేమే?" అంది. అయినా తాగింది. వచ్చేపోయే జనాన్ని చాలాసేపు చూసింది.

"మీ నాయన రోజూ ఇట్లనే కూర్చునేవాడేమో. ఎన్నిసార్లు తిట్టింటినో!"

నాయన పోయి నాలుగేళ్ళు. నాకు మాట రాలేదు. మా ఆయన లేవబోతుంటే అమ్మే ఆపింది.

"ఉండు నాయనా, ఇంకో గ్లాసు తెమ్మను."