లీటరుకు మూడు కిలోమీటర్లు గోవిందా

ఆర్మూర్ నుంచి నిజామాబాద్ పసుపు యార్డుకు 63వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 27 కిలోమీటర్లు. లీటరుకు 18 ఇచ్చే చిన్న పెట్రోలు కారుకు లీటరున్నర చాలు. అదే కారులో పెడల్ వదిలినా వెనక బ్రేకులు వదలడం లేదనుకుందాం. ఎక్కువేం కాదు, ఒక్కో చక్రానికి ఐదు కిలోల బరువంత అడ్డు. రెండూ కలిపి దాదాపు 100 న్యూటన్లు. యార్డు చేరేసరికి దాని మీద ఖర్చయ్యే శక్తి 27 లక్షల జౌళ్లు. పెట్రోలు శక్తిలో పావు వంతే చక్రాల దాకా వస్తుందని లెక్కేసుకుంటే, అదనంగా తాగేది 300 మిల్లీలీటర్ల పైమాటే. అంటే 18 ఇచ్చే బండి 15కు దిగుతుంది. మనమేమో ముందు పెట్రోలు బంకును అనుమానిస్తాం!

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు భయం వేడితో. గంటకు 60 వేగంలో ఆ అడ్డు పుట్టించే వేడి 1,650 వాట్ల పైనే. బకెట్లో నీళ్లు కాచే 1,500 వాట్ల హీటరును మించిపోతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలు దాటితే గానీ మరగదు. గాలిలోని తేమను పీల్చుకుని పాతబడితే 140 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది.

ఎలా కనిపెట్టాలి? బ్రేకు పెద్దగా తొక్కకుండా పది కిలోమీటర్లు నడిపి, డ్రమ్ముల వేడిని థర్మామీటరు గన్‌తో చూడండి. కుడి, ఎడమల మధ్య 30 డిగ్రీల తేడా వస్తే అనుమానించాల్సిందే. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు, నీళ్లు పోయొద్దు.

చల్లారాక ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలపండి. హ్యాండ్ బ్రేక్ వదిలి చక్రం తిప్పండి. సన్నగా రాసుకుంటే పరవాలేదు, బిగుసుకుపోతే రోగమే. లీవరు దగ్గర కేబుల్ నట్టు వదులు చేయండి. చక్రం వదిలిందా, కేబుల్ బిగువు ఎక్కువైనట్టే. వదల్లేదా, పెడల్ ఒకసారి తొక్కి వదిలి, ఆ చక్రం బ్లీడర్‌ను పావు చుట్టు తెరవండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి వెనక్కి పోవడం లేదన్నమాట. ఒక్క చక్రమే అయితే రబ్బరు హోస్ పైపు లోపల ఉబ్బి ఉంటుంది. నాలుగూ పడితే మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి. అప్పటికీ బిగువే అంటే డ్రమ్ము విప్పాల్సిందే: వీల్ సిలిండర్ పిస్టన్, రిటర్న్ స్ప్రింగు, అడ్జస్టరు, వీటిలో ఏదో ఒకటి. వెనక డిస్కులున్న కార్లలో కాలిపర్ పిన్నులు ఎండిపోవడమే తరచూ కారణం.

అన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించేది ఒకటుంది. లైనింగ్ అరిగి హ్యాండ్ బ్రేక్ లీవరు పైకి వస్తే, డ్రమ్ము విప్పకుండా కేబుల్ నట్టే బిగించేస్తారు. దాంతో షూలు పూర్తిగా వెనక్కి రావు, అడ్జస్టరు పని మానేస్తుంది, వారంలో బ్రేకులు పట్టేస్తాయి. ముందు షూల ఎడం సరిచేయాలి. కేబుల్ వంతు ఆఖరున.

ఆర్మూర్, బాల్కొండ వైపు మరో కారణం గల్ఫ్. మనిషి దుబాయ్‌లో, కారు రేకుల షెడ్డులో, హ్యాండ్ బ్రేక్ పైకి లాగి. ఒక వానాకాలం గడిస్తే షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుంటాయి. నెలల తరబడి ఉంచేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వదిలేసి, గేరులో వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి. రిపేరు అయ్యాక బిల్లు కట్టే ముందు, జాకీ దించకముందే, వెనక చక్రాలు రెండూ మీ చేత్తో తిప్పి చూసుకోండి.