హెడ్‌స్పేస్ (తుపాకీ)

హెడ్‌స్పేస్ అనగా తుపాకీలో మూసి ఉన్న బోల్ట్ ముఖానికి, తూటాను ముందుకు జరగకుండా ఆపే ఛాంబర్ భాగానికి మధ్య గల దూరం. బ్యారెల్ వెనుక చివర తూటా కూర్చునే గదిని ఛాంబర్ అంటారు. హెడ్‌స్పేస్ మరీ తక్కువైతే బోల్ట్ మూసుకోదు. మరీ ఎక్కువైతే తూటా పేలినపుడు దాని ఇత్తడి కేస్ సాగి తెగిపోవచ్చు. అపుడు వేడి వాయువులు వెనుకకు చిమ్మి, కాల్చేవారి కళ్ళకు, చేతులకు గాయాలు కలుగవచ్చు.

ఆనుకునే చోటు

తూటా ఎక్కడ ఆనుతుందనేది దాని ఆకారాన్ని బట్టి ఉంటుంది. .303 బ్రిటిష్ వంటి తూటాలు అడుగున ఉన్న రిమ్ అనే అంచుపై ఆనుతాయి. రిమ్ బయటకు రాని .308 వించెస్టర్ వంటివి కేస్ భుజంపై ఆనుతాయి. .45 ఏసీపీ వంటి పిస్తోలు తూటాలు కేస్ మూతి అంచుపై ఆనుతాయి.

కేస్ తెగుటకు కారణం

ఫైరింగ్ పిన్ తాకిడికి తూటా ఖాళీ ఉన్నంత మేర ముందుకు జరుగుతుంది. మందు మండగానే కేస్ యొక్క పలుచని గోడలు ఉబ్బి ఛాంబర్‌ను గట్టిగా పట్టుకుంటాయి. మందమైన అడుగు భాగం మాత్రం వెనుకకు నెట్టబడి బోల్ట్‌ను తాకుతుంది. ఈ రెండింటి మధ్య, అడుగుకు కొంచెం పైన ఇత్తడి సాగి పలుచబడుతుంది. అదే కేస్‌ను మరల మరల నింపి వాడితే చివరకు అక్కడే తెగుతుంది. కేస్ చుట్టూ మెరిసే వలయం కనిపించడం, కొన వంచిన సన్నని తీగతో లోపల తడిమితే గాడి తగలడం ముందస్తు గుర్తులు. అటువంటి కేస్‌ను మరల వాడరాదు.

గేజ్‌లతో పరీక్ష

హెడ్‌స్పేస్‌ను ఖచ్చితమైన ఉక్కు గేజ్‌లతో పరీక్షిస్తారు. ముందుగా తుపాకీ ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకొని, ఛాంబర్‌ను, బోల్ట్ ముఖాన్ని శుభ్రం చేస్తారు. బోల్ట్ నుండి ఫైరింగ్ పిన్‌ను, ఎక్స్‌ట్రాక్టర్‌ను తొలగిస్తారు. "గో" గేజ్‌పై బోల్ట్ మూసుకోవాలి. గరిష్ఠ హద్దును తెలిపే గేజ్‌పై మూసుకోకూడదు. బోల్ట్‌ను వేలి ఒత్తిడితోనే కదిలించాలి, బలం ప్రయోగిస్తే కొలత తప్పుతుంది.

.303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళకు బ్రిటిష్ సైనిక హద్దులు 0.064 అంగుళాలు (1.63 మి.మీ.), 0.074 అంగుళాలు (1.88 మి.మీ.). .308 వించెస్టర్‌కు గో గేజ్ 1.630, నో-గో గేజ్ 1.634, ఫీల్డ్ గేజ్ 1.638 అంగుళాలు. నంబర్ 4 రకం లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్ హెడ్ విడిగా ఊడి వస్తుంది. 0 నుండి 3 వరకు సంఖ్యలు గల బోల్ట్ హెడ్‌లలో తగిన పొడవు గలదానిని అమర్చి హెడ్‌స్పేస్‌ను సరిచేసేవారు.

కేస్‌ను ఛాంబర్‌కు సరిపరచుట

గేజ్ కొలిచేది తుపాకీని మాత్రమే, తూటాను కాదు. .303 రిమ్ మందం 0.054 నుండి 0.064 అంగుళాల వరకు ఉండవచ్చు. కనుక పరీక్షలో నెగ్గిన రైఫిల్‌లో కూడా పలుచని రిమ్ గల తూటాకు దాదాపు 0.020 అంగుళాల (0.5 మి.మీ.) ఖాళీ మిగలవచ్చు. పైగా సైనిక రైఫిళ్ళ ఛాంబర్‌లు భుజం వద్ద వదులుగా ఉంటాయి.

ఒకసారి కాల్చిన కేస్ ఆ ఛాంబర్ ఆకారాన్ని పొందుతుంది. దీనిని ఫైర్-ఫార్మింగ్ అంటారు. తరువాత నింపేటపుడు కేస్ మొత్తాన్ని డైలో నొక్కక, మెడను మాత్రమే బిగిస్తే తూటా రిమ్‌కు బదులు భుజంపై ఆనుతుంది. అపుడు ఖాళీ తగ్గి కేస్ ఎక్కువ కాలం మన్నుతుంది. మొదటిసారి కాల్చేటపుడే సాగకుండా కొందరు రిమ్‌కు ముందు సన్నని రబ్బరు వలయం తొడుగుతారు. ఇది కేస్ అడుగును బోల్ట్‌కు ఆనించి ఉంచుతుంది.

భుజంపై ఆనే తూటాలకు పూర్తి డై వాడినపుడు భుజాన్ని 0.001 - 0.002 అంగుళాలకు మించి వెనుకకు నెట్టరాదని సాధారణ సూచన. అతిగా నెడితే, హెడ్‌స్పేస్ సరిగా ఉన్న రైఫిల్‌లో కూడా అదే ప్రమాదం ఏర్పడుతుంది.

పరిమితులు

ఇలా సరిపరచిన కేస్ ఆ ఒక్క రైఫిల్‌కే తగును. మరొక రైఫిల్‌లో బోల్ట్ మూసుకోకపోవచ్చు. గరిష్ఠ గేజ్‌పై బోల్ట్ మూసుకొనే రైఫిల్‌కు ఈ పద్ధతి చికిత్స కాదు. అరిగిన బోల్ట్ గాని, వదులైన బ్యారెల్ గాని కేస్ వలన బాగుపడవు. అటువంటి రైఫిల్‌ను నిపుణుడు సరిచేసేవరకు కాల్చరాదు.

భారతదేశంలో

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం .303 లీ-ఎన్‌ఫీల్డ్‌లను, 1960వ దశకంలో 7.62 మి.మీ. తూటాకు అనువైన 2ఎ, 2ఎ1 నమూనాలను తయారుచేసింది. .303 రైఫిల్ తెలుగునాట "త్రీ నాట్ త్రీ" అనే పేరుతో సుపరిచితం. ఉత్తర ప్రదేశ్ పోలీసులు దీనికి 2020లో వీడ్కోలు పలికారు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకులను, తూటాలను తయారుచేయడం, మరమ్మతు చేయడం, పరీక్షించడం నేరం.