ఘటోత్కచుడా? పిట్టల దొరా?

పిల్లలూ! మీరెప్పుడైనా కాజీపేట నుంచి విజయవాడకు రైలులో వెళ్ళారా? మహబూబాబాదు దాటిన తరువాత డోర్నకల్ జంక్షను వస్తుంది. అక్కడ రైలుదారి రెండుగా చీలుతుంది. ఒకటి ఖమ్మం మీదుగా విజయవాడకు పోతుంది. రెండవది బొగ్గుగనులున్న కొత్తగూడెం వైపు పోతుంది. జంక్షనులో బండి మారేవాళ్ళకు మాటలే కాలక్షేపం కదా! అటువంటి చోట ఒక తాతా, ఆయన మనుమడూ, మనుమరాలూ బెంచీమీద కూచుని ఉన్నారనుకోండి. బండి ఆలస్యమైంది. ముగ్గురికీ పెద్ద తగవు వచ్చింది. ఆ తగవేమిటో చెబుతాను. తీర్పు మాత్రం నన్ను అడగకండి.

మనుమడు ముందురోజే "మాయాబజారు" బొమ్మ చూశాడు. "లోకంలో ఇంతటి వీరుడు లేడు. అతడు నవ్విస్తాడు, పాడతాడు, కొండల్ని పిండి చేస్తాడు!" అంటూ ఘటోత్కచుణ్ణి ఆకాశానికెత్తాడు.

తాత నవ్వాడు. "నా చిన్నతనంలో మేము చూసిన వీరుడి ముందు మీ ఘటోత్కచుడు ఏపాటి? మా వీరుడి దగ్గర తుపాకి ఉండేది," అన్నాడు.

"నిజం తుపాకా?"

"కాదు, కట్టెది!"

ఆయన చెప్పినది పిట్టల దొర సంగతి. తుపాకి రాముడని కూడా అంటారు. తెలంగాణా పల్లెల్లో ఇతణ్ణి ఎరగని ముసలివాళ్ళుండరు. ఖాకీ లాగు, పాతకోటు, నెత్తిన టోపీ, మెలితిప్పిన మీసం, భుజాన కట్టె తుపాకి. ఈ వేషంతో వీధిలో దర్జాగా నడిచివచ్చి, తాను గొప్ప దొరనని చెప్పుకుంటాడు. కోతలు కోయడంలో అతడికొక పద్ధతి ఉంది. ముందు వస్తువును ఆకాశానికెత్తుతాడు, వెంటనే దబ్బున కింద పడేస్తాడు. మచ్చుకు నేనొకటి అల్లి చెబుతాను: "మా బంగళాకు నూరు తలుపులు! గోడలు మాత్రం వచ్చే ఏడు కట్టిస్తాము." ఇటువంటివి ఊపిరి తిరగకుండా, రాగం తీసినట్టు చెప్పుకుపోతాడు. ఒకదానికి నవ్వడం పూర్తికాకముందే ఇంకొకటి వచ్చి మీద పడుతుంది. చివరకు గింజలో డబ్బులో పుచ్చుకుని పక్కవీధికి పోతాడు. ఇప్పుడు అతడు వీధుల్లో అరుదుగా కనిపిస్తాడు.

"అది అడుక్కోవడం కదా తాతా! ఆట ఎట్లా అవుతుంది?" అన్నాడు మనుమడు.

తాతకు కోపం వచ్చింది. "నువ్వు టిక్కెట్టు కొని బొమ్మ చూడలేదా? డబ్బు ముందు ఇస్తే ఆట, తరువాత ఇస్తే అడుక్కోవడమా?" అన్నాడు.

ఈ మాటకు మనుమడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఇప్పుడు మాయాబజారు సంగతి చూద్దాం. ఈ బొమ్మను విజయా వారు తీశారు. కె.వి. రెడ్డిగారి దర్శకత్వంలో 1957 మార్చి 27న విడుదలైంది. ఘటోత్కచుడుగా ఎస్.వి. రంగారావు, శశిరేఖగా సావిత్రి, కృష్ణుడుగా ఎన్.టి. రామారావు, అభిమన్యుడుగా అక్కినేని నాగేశ్వరరావు, దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడుగా రేలంగి నటించారు. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావుగారివి. ఇంకొక వింత వినండి. ఈ బొమ్మలోని కథ వ్యాసుడి భారతంలో లేనే లేదు! భారతంలో అభిమన్యుడు పెళ్ళాడినది ఉత్తరను. శశిరేఖ కథ మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటూ, నాటకాలాడుతూ పెంచుకున్నది.

ఈ కథను ఆడడంలో సురభివారు పేరుపడ్డారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో "కీచకవధ" ఆడిన వనారస వారి కుటుంబం నుంచి పుట్టిన నాటక సమాజాలివి. తాత, కొడుకు, కోడలు, మనుమడు అందరూ కలిసి వేషాలు కట్టేవారు. తెర మీద మాయలు చేయడానికి సినిమావాళ్ళకు కెమెరా ఉంది. వీళ్ళకు ఉన్నవల్లా దారాలూ, తీగలూ, కప్పీలూ, దీపాలూ, పొగా! నల్లటి తెర ముందు సన్నని నల్లదారం కంటికి ఆనదు. ఎందుకంటే దారం మీద పడిన వెలుతురులో దాదాపు ఏదీ తిరిగి మన కంటికి చేరదు. అందుచేత దారానికి కట్టిన వస్తువు గాలిలో తనంతట తానే ఎగిరినట్టు కనిపిస్తుంది. మీరు ఇంట్లో చేసి చూడండి. లడ్డు బదులు కాగితపు ఉండ చాలు. అమ్మ లడ్డూలు పాడుచేయకండి.

ఘటోత్కచుడు పెళ్ళివంటలు ఆరగిస్తూ పాడే పాట ఉందే, దాని వరసకు చాలా దూరపు చుట్టరికం ఉంది. పాటల చరిత్ర తెలిసినవాళ్ళు ఆ వరస ఒక పాత ఇంగ్లీషు నవ్వుల పాటను పోలి ఉందని చెబుతారు. చార్లెస్ పెన్రోజ్ అనే ఆయన 1922లో ఇంగ్లండులో "నవ్వే పోలీసు" అనే రికార్డు ఇచ్చాడు. దానికీ మూలం ఇంకా వెనుక ఉంది. అమెరికాలో బానిసత్వం ఉన్న రోజుల్లో పుట్టిన జార్జి డబ్ల్యు. జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు 1890 ప్రాంతంలో ఒక నవ్వుల పాట పాడాడు. రికార్డుకు నకళ్ళు తీసే యంత్రాలు అప్పటికి సరిగా లేవు. అందుచేత ఆయన అదే పాటను, అదే నవ్వును, రోజూ మళ్ళీ మళ్ళీ యంత్రం ముందు నవ్వవలసి వచ్చేది! రోజంతా కూలికి నవ్వడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ నవ్వు సముద్రాలు దాటి వచ్చి మన రాక్షసుడి గొంతులో చేరింది. బొమ్మలో ఆ పాట పాడినది మాధవపెద్ది సత్యంగారు.

సరే, మళ్ళీ బెంచీ దగ్గరకు పోదాం. ఇంతసేపూ మనుమరాలు మాట్లాడలేదు. అప్పుడామె, "నాకు లక్ష్మణకుమారుణ్ణి చూస్తే జాలి వేసింది," అన్నది.

తమ్ముడు పకపకా నవ్వాడు. "వాడు పిరికివాడు! వాణ్ణి చూసి నవ్వాలి గాని జాలేమిటి?"

"వీరుడి వేషం వాడు కోరి వేసుకున్నాడా? తండ్రి రాజు కాబట్టి తలమీద కిరీటం పెట్టారు. చుట్టూ ఉన్న భజనపరులు పొగిడి పొగిడి వాడే గొప్పవాడన్నారు. పెళ్ళిపీటల మీద వాణ్ణి బెదరగొడుతుంటే నేను నవ్వలేకపోయాను. నవ్వవలసింది ఆ పొగిడినవాళ్ళను చూసి."

తాత ఈ మాటకు కాసేపు ఆలోచించాడు. తరువాత నెమ్మదిగా ఇలా అన్నాడు: "మంచి మాటే అన్నావు బిడ్డా. మా తాత చెప్పేవాడు. నిజాం కాలంలో గడీలలో నిజం దొరలుండేవారు. వాళ్ళకు ప్రజలు కూలి లేకుండా వెట్టిచాకిరి చేయాలి. దొర ఎదురుపడితే చెప్పులు చేతపట్టుకుని ఒదిగి నిలబడాలి. అటువంటి రోజుల్లో ఒక పేదవాడు దొర వేషం వేసుకుని, కట్టె తుపాకి పట్టుకుని, దొరలాగే మీసం మెలివేసి వీధిలో నడిచాడంటే ఎంత గుండె ఉండాలి! జనం నవ్వింది వాణ్ణి చూసి కాదు."

మనుమడు ఊరుకోలేదు. "అయితే ఘటోత్కచుడు మాత్రం దుర్యోధనుణ్ణి చూసి నవ్వలేదా? అదీ దొరను వెక్కిరించడమే! పైగా పాటలతో!"

చూశారా, చిన్నవాడు కూడా తక్కువ తినలేదు. నన్నడిగితే, వాదన ఇక్కడికి వచ్చాక అక్కా తమ్ముళ్ళు ఒకే మాట అంటున్నారు. కాని ఇద్దరూ ఒప్పుకోరు.

వీరులను వెక్కిరించే ఆటలు మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ భీకరంగా యుద్ధం చేస్తుంటే, మధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చి గిల్లికజ్జాలు పెట్టుకుంటారు. స్పెయిన్ దేశంలో సెర్వాంటిస్ 1605లో డాన్ క్విక్సోట్ కథ అచ్చు వేయించాడు. అందులో ఒక ముసలాయన వీరుల కథలు చదివి చదివి మతిచలించి, గాలిమరలను రాక్షసులనుకుని ఈటెతో పొడవబోతాడు. 1965లో అమెరికాలో దానిని పాటల నాటకంగా ఆడారు. 2012లో షికాగో నగరంలో కొందరు యువకులు బాట్‌మన్ అనే గబ్బిలం వేషపు వీరుణ్ణి హాస్యం చేస్తూ ఇంకొక పాటల నాటకం ఆడారు. బాట్‌మన్ అంటే ప్రాణమిచ్చేవాళ్ళే వాళ్ళూ! ఇష్టం లేనివాడి మీద అన్ని పాటలు ఎవరు కడతారు?

మన ముగ్గురి మధ్య ఆఖరి తగవు రంగుల మీద వచ్చింది. మాయాబజారును 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. మనుమడు చూసినది అదే. అది అసలుకన్నా కొంచెం పొట్టిది కూడా. తాతకు నలుపు తెలుపుదే కావాలి. ఆ బొమ్మలో వెన్నెలలో పడవ మీద పాట ఒకటి ఉంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ దానిని పట్టపగలు తీసి, నిండు వెన్నెలలాగా చూపించాడు. నలుపూ తెలుపూ తప్ప మరేమీ లేకుండానే ఆయన చల్లటి వెన్నెల కురిపిస్తే, మళ్ళీ రంగులెందుకని తాత వాదన.

"ఘటోత్కచుడి ఒంటిరంగు ఏదో తెలియవద్దా?" అన్నాడు మనుమడు.

"నీకు తెలియకపోతే నువ్వు అనుకో," అన్నాడు తాత.

ఇంతలో కొత్తగూడెం బండి వచ్చింది. మూటలందుకున్నారు. తాత తన గొడుగు తీసి తుపాకిలాగా భుజాన పెట్టుకుని, మీసం మెలివేసి, "తప్పుకోండి! దొరవారి ప్రత్యేక రైలు వచ్చింది. టిక్కెట్లు మాత్రం మామూలువే," అన్నాడు. ప్లాట్‌ఫారం మీద వాళ్ళంతా నవ్వారు. మనుమడు కూడా నవ్వాడు. అక్క వాణ్ణి చూసి, "ఒప్పుకున్నావా మరి?" అన్నది.

"ఒప్పుకోలేదు! తాత ఎగరలేడు కదా!" అంటూ వాడు బండెక్కాడు.