పార్సిల్‌లో కొసరు

మన బరంపురంలో అప్పడాలు, వడియాలు, ఊరగాయలు ఇంట్లో చేసి అమ్ముకునే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇదివరకు కొనేవారు గుమ్మంలోకి వచ్చేవారు. పలకరింపు ఉండేది, గుప్పెడు కొసరు ఉండేది. ఇప్పుడు వాట్సాప్‌లో ఆర్డరు, పార్సిల్‌లో సరుకు. ఆ పలకరింపు పోకుండా ఉండాలంటే డబ్బాతోపాటు చేత్తో రాసిన చీటీ ఒకటి పెట్టాలని సభ్యులకు నా సలహా.

మా వీధిలో ఆవకాయ పంపే ఒకావిడకు ఇది అనుభవమే. కిందటేడు ఒక డబ్బా దారిలో కారిపోయింది. కొన్నవారు గట్టిగా కోప్పడ్డారు. ఆవిడ తన ఖర్చుతో మళ్లీ పంపి, తప్పు తనదేనని నాలుగు ముక్కలు రాసి పెట్టింది. చీటీ చూసి ఆ ఇంటి అత్తగారే ఫోన్ చేశారు. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురమట! ఆ ఇల్లు ఇప్పటికీ ఈవిడ దగ్గరే కొంటోంది.

చీటీలో "థాంక్యూ" ఒక్కటే రాస్తే చాలదు. అచ్చు కార్డయితే శుభలేఖలా పక్కన పడేస్తారు. కొన్నవారి పేరు, ఆవకాయ కలిపిన తేదీ రాయండి. తడి చెంచా పెట్టొద్దనీ, నూనె తగ్గితే నువ్వుల నూనె కాచి, చల్లార్చి పోసుకోమనీ రాయండి. కొసరుగా వడియాలు వేస్తే ఆ మాటా రాయాలి, లేకపోతే పొరపాటున వచ్చాయనుకుంటారు. పట్టుచీరలు పంపేవారు మాత్రం కుంకుమ పొట్లం పెట్టకండి. చిట్లితే చీర పాడవుతుంది.

ముందు ప్యాకింగ్ సరిగా ఉండాలి. డబ్బాలో వేలెడు ఖాళీ వదిలి, మూతకు టేపు చుట్టి, రెండో కవరులో పెట్టాలి. చీటీ వేరే కవరులో ఉండాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు లేబుల్ మీదే ఉండాలి, చీటీ దానికి బదులు కాదు. పైన చిరునామా ఇంగ్లీషులో, 6 అంకెల పిన్‌కోడ్ స్పష్టంగా రాయండి. ఆఫీసులో ఏళ్ల తరబడి కవర్లు పంపినవాణ్ణి, అంకె తేడా వస్తే ఏమవుతుందో చూశాను.

ఆవిడ కూతురు ఒడియా మీడియంలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది కానీ రాయలేదు. చీటీల కోసమని ఆదివారాలు మన సంఘం గదికి వచ్చి అక్షరాలు దిద్దుతోంది. ఇంకా "వ" రాయబోతే "మ" పడుతోంది. "ఆమకాయ" అని రెండు డబ్బాలు వెళ్లిపోయాయి కూడా. ఎవరూ తిప్పి పంపలేదు.