వారాంతంలో రెండు గంటలు... వారమంతా పాఠమే!

విదేశాల్లో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పే టీచర్ల రోజు ఎలా గడుస్తుంది? ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు అందులో ఏముంది?

‘ఎంఎస్‌కు అమెరికా వెళ్లాక ఏదైనా బడిలో వాలంటీర్‌గా పాఠాలు చెబితే రెజ్యూమేకి బాగుంటుంది కదా!’... గుణదల చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే మీకు ఈ ఆలోచన వచ్చే ఉంటుంది. మంచిదే. కానీ ఒక్క విషయం ముందే తెలుసుకోండి. ఈ పని జీతం ఇవ్వదు, వీసా తెచ్చిపెట్టదు. మీకు బాగా తెలిసిన విషయాన్ని అది బొత్తిగా తెలియనివారికి అర్థమయ్యేలా చెప్పే నేర్పు మాత్రం ఇస్తుంది. అదెలా వస్తుందో మనవాళ్లు నడుపుతున్న బడిలోనే చూద్దాం.

మనవాళ్ల బడి

కాలిఫోర్నియాలో 2001లో మొదలైన సిలికానాంధ్ర సంస్థ 2007లో ‘మనబడి’ని ప్రారంభించింది. అక్కడ పుట్టి పెరుగుతున్న పిల్లలకు తెలుగు నేర్పడం దీని పని. చిన్నవారికి బాలబడి, తర్వాత ప్రవేశం, ప్రసూనం, ప్రకాశం, ప్రమోదం, ప్రభాసం తరగతులు ఉంటాయి. పాఠాలు చెప్పేది స్వచ్ఛంద సేవకులే. చాలామంది వారమంతా సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగమో, ఇంటి పనో చూసుకునేవాళ్లు. అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010-2017 మధ్య 86 శాతం పెరిగిందని అక్కడి గణాంకాలు చెబుతున్నాయి. కాబట్టి ఇలాంటి టీచర్ల అవసరం పెద్దదే.

వారం ఎలా గడుస్తుంది?

ఆ టీచరు మీరే అనుకోండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా మీ కాలేజీ, మీ ఉద్యోగం మీవి. మధ్యలో ఓ సాయంత్రం పిల్లల హోంవర్కు దిద్దాలి. ‘మావాడికి ఈ వారం సాకర్‌ మ్యాచ్‌ ఉందండీ, క్లాసుకు రాలేడు’ అని తల్లిదండ్రుల నుంచి మెసేజ్‌ వస్తుంది. ఆ పిల్లాడికి తప్పిపోయే పాఠాన్ని ఎలా అందించాలో ఆలోచించాలి. శుక్రవారం రాత్రి బొమ్మల కార్డులు, అక్షరాల ఆట సిద్ధం చేసుకోవాలి. వారాంతంలో క్లాసు. గది దొరికితే అక్కడ, లేకపోతే ఆన్‌లైన్‌లో. రెండు గంటల తరగతికి అంతకు రెట్టింపు సమయం ముందే ఖర్చవుతుంది.

అసలు పరీక్ష తరగతిలోనే

ఇంగ్లిష్‌కు అలవాటుపడిన నోటికి ‘త’ పలకడం కష్టం. ‘తాతా’ అని పిలవమంటే పిల్లాడు ‘టాటా’ అంటాడు. అందరూ నవ్వుతారు, వాడు మళ్లీ నోరు విప్పడు. అప్పుడు ‘తప్పు’ అనకుండా, నాలుక కొసను పై పళ్ల వెనక ఆనించి పలకడం మీరే చేసి చూపించాలి. ఇంకో పాప ‘అమ్మ వచ్చాడు’ అంటుంది. ఇంగ్లిష్‌ క్రియాపదంలో ఆడ, మగ తేడా కనిపించదు కాబట్టి ఆ పొరపాటు సహజమే. మనం పుట్టినప్పటి నుంచి ఆలోచించకుండా మాట్లాడుతున్న దానికి కారణం వెతికి, ఏడేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పాలి.

‘కాలువ గట్టు’ అన్న మాట వచ్చిందనుకోండి. ఏలూరు కాలువను రోజూ చూసే మీకు అందులో చెప్పడానికేముంది అనిపిస్తుంది. కాలువే చూడని పిల్లలకు ఎలా చెబుతారు? ఒక ఫొటో, ఇసుకలో వేలితో గీసిన ఓ గీత, కాసిని నీళ్లు... ఏదో ఒకటి మీకే తట్టాలి. 

ఇదంతా ఎందుకంటే, వీడియో కాల్‌లో ‘తిన్నావా బంగారం?’ అని గుణదలలో ఉన్న నాయనమ్మ అడిగితే, మనవరాలు ‘హాయ్‌’ అని ఫోను నాన్నకు ఇచ్చేయకుండా ఉండటానికి. రెండు వాక్యాలు తెలుగులో వచ్చినా ఆ ఇంట్లో అది పండగే.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

రెజ్యూమేలో ‘వాలంటీర్‌ టీచర్‌’ అని రాసి వదిలేస్తే దానికి విలువ రాదు. ఎంతమందికి, ఎన్ని వారాలు, ఏం నేర్పారో రాయండి. నేర్చుకోలేకపోయిన ఓ పిల్లాడి కోసం పద్ధతి ఎలా మార్చారో చెప్పడానికి సిద్ధంగా ఉండండి. క్లయింటుకు సాంకేతిక విషయం వివరించడం, కొత్త ఉద్యోగికి పని నేర్పడం... వీటన్నిటికీ కావాల్సింది ఈ నైపుణ్యమే.

ఇక్కడ జాగ్రత్త!

• ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవారు లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా ఎవరికీ జీతం ఇవ్వని సేవను ఉచితంగా చేయొచ్చు. జీతమిచ్చి చేయించే పనిని ‘ఊరికే చేస్తున్నా’ అన్నా చిక్కే. ముందు మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని అడగండి.

• ‘టూరిస్టు వీసాపై వెళ్లండి, అక్కడ బడిలో పెట్టిస్తాం’ అనే ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వొద్దు. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ మన యువకులను కంబోడియాకు పంపి, సైబర్‌ మోసాల ముఠాలకు అప్పగించిన ఏజెంట్ల గుట్టును విశాఖ పోలీసులు 2024లో బయటపెట్టారు. ఏజెంటుకు రిజిస్ట్రేషన్‌ ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్‌ పోర్టల్‌లో చూడండి.

• ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల కార్యక్రమం (యూఎన్‌వీ) 1970లో ఏర్పడింది. 18-26 ఏళ్లవారికి యువ వాలంటీర్ల విభాగం ఉంది. జీతం కాకుండా జీవన భృతి ఇస్తారు. దరఖాస్తుకు రుసుము లేదు. ఇంట్లో నుంచే చేసే ఆన్‌లైన్‌ సేవ కూడా ఉంది.

గుణదలలోనే మొదలుపెట్టండి

విమానం ఎక్కేదాకా ఆగక్కర్లేదు. మీ వీధిలో అపార్ట్‌మెంటు కడుతున్నచోట ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చిన కూలీల పిల్లలు ఉంటే, వాళ్ల తల్లిదండ్రులను అడిగి వారానికి రెండు గంటలు తెలుగు అక్షరాలు, అంకెలు నేర్పండి. మీ భాష రానివారికి పాఠం చెప్పడమంటే ఏంటో మొదటి రోజే తెలుస్తుంది.

విదేశీ పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పే అవకాశం వస్తే గడియారం చూసుకుని ఒప్పుకోండి. కాలిఫోర్నియాలో వేసవిలో శనివారం ఉదయం 10 గంటలంటే విజయవాడలో రాత్రి 10.30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత మన సమయం 11.30 అవుతుంది. సెమిస్టర్‌ పరీక్షలున్న వారంలోనూ ఆ గంటకు హాజరవగలరా? అవుననుకుంటేనే పేరు ఇవ్వండి. మధ్యలో మానేస్తే నష్టపోయేది పిల్లలే.