మీకు తెలుసా? చిన్న ఇంజన్ బలం సైలెన్సర్‌లోనూ ఉంది

పెద్దమండ్యం, మదనపల్లె పల్లెల్లో మనుషుల్నీ మూటల్నీ మోసిన టీవీఎస్ 50 మోపెడ్ 1980లో హోసూరులో పుట్టింది. తర్వాతి ఎక్స్‌ఎల్ సూపర్ ఇంజన్ 69.9 సీసీ, బలం సుమారు మూడున్నర హార్స్‌పవర్.

ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌కు జోరు పెంచాలంటే చాలామందికి ముందు తోచేది బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, పెంచడం. పాత బజాజ్ చేతక్ లెక్క చూడండి: బోరు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) రెండూ 57 మిల్లీమీటర్లు, సామర్థ్యం 145.45 సీసీ. బోరు అర మిల్లీమీటరు పెంచినా పెరిగేది రెండున్నర సీసీయే! రీబోరింగ్ తర్వాత బండి పరుగెత్తేది ముఖ్యంగా అరుగుదలతో పోయిన కంప్రెషన్ తిరిగి రావడం వల్ల.

అసలు కిటుకు పొగగొట్టంలో ఉంది. టూ స్ట్రోక్‌లో కొత్త పెట్రోలు మిశ్రమం కొంత కాలకుండానే పొగ పోయే ద్వారం (ఎగ్జాస్ట్ పోర్టు) గుండా బయటికి జారిపోతుంది. తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ మధ్యలో ఉబ్బి చివర సన్నబడే గొట్టాన్ని తీర్చిదిద్దాడు. పొగతో పుట్టిన పీడన తరంగం ఆ సన్నబడే చివర తగిలి వెనక్కి వచ్చి, జారిన మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. అద్భుతమైన ఆలోచన! 1961లో ఆయన 125 సీసీ రేసు ఇంజన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. ఆ ఏడాదే ఎంజెడ్ రేసు రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ పశ్చిమ దేశాలకు పారిపోయి ఆ విద్యను సుజుకీకి చేర్చాడు. 1962లో 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీకి దక్కింది.

మన పాత బండికైతే సైలెన్సర్‌లో పేరుకున్న మసి తీయించండి, దానివల్ల పోయిన బలం తిరిగొస్తుంది. పోర్టులు అరగదీయిస్తే పై వేగంలో జోరు వస్తుంది కానీ, మిట్ట ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది. మూటలు మోసే బండికి ఆ పని వద్దు.