మళ్ళీ మోగిన డోలక్, మిగిలిపోయిన బయానా

ఉర్సు రోజున సందల్ సమర్పించి, ఇషా నమాజు ముగిశాక దర్గా ఆవరణలో హార్మోనియం పెట్టె తెరుచుకుంటుంది. డోలక్ వాయించేవాడు తాళ్ళు బిగిస్తాడు. పక్కన కూర్చున్నవారు చప్పట్లతో తాళం అందుకుంటారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ముస్లింలు, హిందువులు పక్కపక్కన కూర్చుని వినే పాట ఇది. 2020 మార్చిలో కరోనా కారణంగా ఈ పాట ఆగిపోయింది.

ఆగిపోవటం సబబే. అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్ళవద్దని, ఉన్న ఊరు విడిచి పారిపోవద్దని దైవప్రవక్త (స) ఆనాడే ఉపదేశించారు. సిరియాకు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి) అక్కడ ప్లేగు వ్యాపించిందని విని దారిలోనే వెనక్కి మరలారు. 2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. ప్రార్థనా స్థలాలు జూన్ 8న తెరుచుకున్నా, జనం గుమిగూడే ఉత్సవాలకు అనుమతి లేదు. పెళ్ళికి 50 మందే అన్నారు. ఆ ఏడాది ఆగస్టు 27న ముహర్రం ఊరేగింపులకు సుప్రీంకోర్టు సైతం అనుమతి నిరాకరించింది. 2021లో రెండో విడత వచ్చి, మే 12 నుంచి జూన్ 19 వరకు తెలంగాణలో మళ్ళీ అంతా మూతపడింది.

ఖవ్వాలీ గురించి ఉలమాల్లో భేదాభిప్రాయాలున్న సంగతి పాఠకులకు తెలిసిందే. చిష్తీ బుజుర్గులు నియమాలతో సమా మహెఫిల్ జరిపారు. సమాకు తగిన వేళ, తగిన చోటు, తగిన సహచరులు ఉండాలని ఇమామ్ గజాలీ (రహ్మ) రాశారు. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. మనం పిలిపించి పాడించుకున్న మనిషికి మన మీద ఉండే హక్కు గురించే ఈ నాలుగు మాటలు.

హైదరాబాదు వార్సీ సోదరుల పేరు ఎరుగనివారుండరు. వారి తాత అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ లభించింది. కానీ మన పల్లెల ఉర్సులకు వచ్చే బృందాలకు అంత పేరూ లేదు, నెల జీతమూ లేదు. ఉర్సుల రోజుల్లో దొరికినదానితోనే ఏడాదంతా ఇల్లు గడవాలి.

ఎల్లారెడ్డి వైపు ఒక చిన్న దర్గా ఉర్సు లెక్కలు నేనే రాస్తుంటాను. 2020 ఉర్సు కోసం ఒక ఖవ్వాలీ బృందానికి ముందుగా అయిదు వేల రూపాయలు బయానా ఇచ్చాం. ఉర్సు జరగలేదు. 2022లో ఆ బృందాన్నే మళ్ళీ పిలిచాం. అదివరకు ఆరుగురు వచ్చేవారు, ఈసారి నలుగురే వచ్చారు. ఒకరు ఆటో నడుపుకుంటున్నారట, మరొకరు కామారెడ్డిలో బండి మీద కూరగాయలు అమ్ముతున్నారట. డోలక్ అతను గంటసేపు వాయించేసరికే అరచెయ్యి వాచింది. రెండేళ్ళలో చేతి కాయలన్నీ మెత్తబడిపోయాయని నవ్వాడు.

తెల్లవారుజామున లెక్క చూసేటప్పుడు పాత బయానా మినహాయించాలని కమిటీలో ఒకరన్నారు. బృందం పెద్దాయన వాదించలేదు. "మీ లెక్క సరైనదే మౌల్వీసాబ్. ఆ పైసలు అప్పుడే ఇంట్ల బియ్యమైపోయినయి" అన్నాడంతే.

ఫిఖహ్ ప్రకారం కమిటీ మాటలో తప్పు లేదు. న్యాయమైన అడ్డంకి వస్తే కూలి ఒప్పందం రద్దవుతుందని హనఫీ పండితులు చెప్పారు. పని జరగనప్పుడు ముందుగా పుచ్చుకున్న సొమ్ము తిరిగి ఇవ్వవలసిందే. అయితే బాకీపడినవాడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేదాకా గడువివ్వమని, మాఫీ చేస్తే అది మీకే మరింత మేలని బఖరా సూరా 280వ ఆయతు బోధిస్తోంది.

మరి మాఫీ చేద్దామంటే ఆ డబ్బు మాది కాదు. ఊరివారు ఉర్సు కోసం ఇచ్చిన చందా. అది అమానత్. పరుల సొమ్ముతో మనం దాతలం కాలేము. చివరకు కమిటీలో నలుగురం సొంత జేబుల నుంచి అయిదు వేలు పోగుచేసి ఖాతాలో జమ కట్టాం. "బయానా వసూలైంది" అని రాసి, బృందానికి ఒప్పుకున్న మొత్తం అప్పటికప్పుడే చేతిలో పెట్టాం. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇమ్మన్నది ప్రవక్త (స) ఆదేశం కదా!

ఆ విపత్తు గడిచిపోయింది. కానీ పాత బయానాల లెక్క తేలని కమిటీలు, కుటుంబాలు ఇంకా ఉండవచ్చు. ఒక్క ఖవ్వాలీకే కాదు, పెళ్ళిలో వాయించిన బ్యాండు వారికీ, సహరీ వేళ దఫ్ వాయిస్తూ లేపే ఫకీరుకూ ఇదే వర్తిస్తుంది. ఇకమీదట బయానా ఇచ్చేటప్పుడే, విపత్తు వచ్చి కార్యం ఆగితే ఆ సొమ్ము ఏమవుతుందో కాగితం మీద రాసుకుందాం. ఒప్పుకున్న పైకం నజరానా పళ్ళెంలో పడే చిల్లరకు వదిలేయకుండా విడిగా ముట్టజెబుదాం. "రేపు రండి" అని తిప్పుకోకుండా ఆ రాత్రే ఇచ్చి పంపుదాం.

ఇతరుల హక్కును గుర్తించి తీర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.